సముద్రంలో బ్యూటీ పార్లర్‌!

పెద్ద చేప నోరు తెరిచింది. చిన్నచేప నేరుగా అందులోకి దూరింది. పళ్ల సందులు శుభ్రం చేసి క్షేమంగా బయటికొచ్చింది! ఆస్ట్రేలియాలోని గ్రేట్‌ బ్యారియర్‌ రీఫ్‌లో రోజూ కనిపించే దృశ్యమిది.

కెయిన్స్‌ నగరం నుంచి చిన్న విమానంలో గంట ప్రయాణం చేస్తే లిజర్డ్‌ ఐలాండ్‌ వస్తుంది. 1770లో ఇక్కడ దిగిన కెప్టెన్‌ కుక్‌కి నేలమీద ఉడుముల్లాంటి బల్లులే కనిపించాయట. అందుకే ఆ పేరు.

తీరంలో స్నార్కెల్‌ పెట్టుకుని నీళ్లలోకి తొంగిచూస్తే చాలు... పగడపు దిబ్బల దగ్గర చేపలు తమ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. నీలి ఒంటిమీద నల్లచారతో వేలెడంత ఉండేదే క్లీనర్‌ రాస్‌. ఒక్కో చేప రోజుకు సగటున 1,200కు పైగా పరాన్నజీవుల్ని తింటుందని ఈ దీవిలోనే లెక్కగట్టారు. గుంపుకి ఒకటే మగచేప. అది పోతే ఆడచేపల్లో పెద్దది మగచేపగా మారిపోతుంది!

ముచ్చటపడి దీన్ని ఇంటి అక్వేరియంలోకి తెచ్చుకునేవారూ ఉన్నారు. నాలుగైదు చేపలుండే గాజుతొట్టెలో దానికి సరిపడా తిండెక్కడిది? వేసిన మేత అలవాటుకాక చాలావరకు చిక్కిశల్యమై చనిపోతాయి.

నష్టం అక్కడితో ఆగదు. ఈ దీవి దగ్గర కొన్ని దిబ్బల మీద ఎనిమిదిన్నరేళ్లపాటు క్లీనర్లు లేకుండా చేసి చూశారు. క్లీనర్లున్న దిబ్బలతో పోలిస్తే అక్కడ కాపురముండే చేపల సంఖ్య 37 శాతం, రకాలు 23 శాతం తక్కువని 2011లో తేలింది.

జూన్‌ నుంచి అక్టోబరు దాకా విషపు జెల్లీచేపల బెడద తక్కువ. చూడాలనుకుంటే అప్పుడు వెళ్లండి. చూసి రండి... తెచ్చుకోకండి!