మూడూళ్ళ ఎరువు – మన కుండీలకి బలం

హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే ముందు సూర్యాపేట, మరో 40 కిలోమీటర్లకి కాస్త అటూఇటుగా కోదాడ. అక్కడ పక్కకి మళ్ళితే మిర్యాలగూడ. మేడమీద తోటకూర, మల్లెలు పెంచుకునే మనకి ఈ మూడూళ్ళలోనూ నేర్చుకునే సంగతులున్నాయండీ.

నర్సరీల్లో ‘పీట్’ అని సంచుల్లో అమ్ముతారే, అది చలిదేశాల బురదనేలల్లో నాచు పేరుకుని తయారైన మట్టి. అడుగు మందం చేరాలంటే వందల ఏళ్ళు పడుతుంది. దాని బదులు మనకి కొబ్బరిపొట్టు వచ్చింది. అది తేమ నిలుపుతుందేగాని, మొక్కకి బలమివ్వదు. ఉప్పు కూడా ఉండొచ్చు, కడిగి వాడండి. బలానికి ఎరువు కలపాల్సిందే.

సూర్యాపేట సంగతి చూడండి. 2003 తర్వాత అక్కడి మునిసిపాలిటీ ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా తీసుకుని, తడిచెత్తతో వానపాముల ఎరువు చేయించి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆ ఎరువు మంచిదయ్యేది ఎక్కడనుకున్నారు? ఇల్లాలు చెత్త వేరుచేసిన వంటింట్లోనే!

కోదాడ చుట్టూ పల్లెల్లో పెంట ఎరువు దొరుకుతుంది. పచ్చిపేడ వేస్తే వేర్లు మాడతాయి. నెలల తరబడి మాగి, నల్లగా పొడిపొడిగా ఉన్నదే తెచ్చుకోండి.

సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండే మిర్యాలగూడలో రైసుమిల్లులెక్కువ. ఊక మట్టిని గుల్లచేస్తుంది. కానీ పచ్చి ఊక ఎక్కువేస్తే అది కుళ్ళేటప్పుడు మట్టిలో నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి. మిల్లు బూడిదలో క్షారముంటుంది, కుండీకి చిటికెడు చాలు.

ఏ ఎరువైనా కొనేముందు గుప్పెడు తీసి వాసన చూడండి. తొలకరి మట్టివాసన రావాలి. తడిపి ప్లాస్టిక్ కవర్లో మూడురోజులు మూతికట్టి ఉంచండి. విప్పగానే కంపు కొడితే ఇంకా మాగలేదన్నమాట. కాసిని మెంతులు చల్లి చూడండి, సమంగా మొలిస్తే ఢోకా లేదు. పిండితే ముద్దవ్వాలి, నీళ్ళు కారకూడదు.

ఒక్కమాట. తడిచెత్త బకెట్లో మనం పడేసిన గాజుముక్క మళ్ళీ మన వేళ్ళకే గుచ్చుకుంటుంది. పాడైపోయిన బ్యాటరీలోని విషం ఆకుకూర ద్వారా పిల్లల కంచంలోకే వస్తుంది. అందుకే అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఎరువుని ఎంచడం కన్నా ముందు చెత్తని ఎంచండి!