మనుమరాలి పండ్ల వయసు

మా మనుమరాలికి ఎనిమిదేండ్లు నిండి ఆరు మాసములైనది. పుట్టి పెరుగుచున్నది పీర్జాదిగూడలోనే. దానికి పాలపండ్లు మొలచిననాడే పసుపుపచ్చగా, గరుకుగా మొలచినవి. నమలగా నమలగా అరిగి చిగుళ్ల దాక దిగిపోయినవి. చల్లని నీరు త్రాగినచో బిడ్డ కన్నీరు పెట్టుకొనెడిది. ఆరేండ్లకు రావలసిన దవడపండ్లు ఇంకను సగమే పైకి తేలినవి. “పిల్లకు ఎదుగుదల లేదు” అని ఇంటివారు, “వయసు తప్పు చెప్పుచున్నారేమో” అని పొరుగువారు.

మా వియ్యపురాలిది నల్లగొండ వైపు. “సెలవులకు తీసికొనిపోయి మా ఊరి నీళ్లు త్రాగించితిని వదినగారూ, తప్పు మాదే” అని ఆమె వాపోవుచుండెను. నేను విని ఊరకుంటిని. సోదరీమణులారా, ఆ ఊరకుండుటయే నా తప్పు. నా పండ్లును అట్టివే. కొంగు అడ్డము పెట్టుకొని నవ్వుట నాకు చిన్ననాటి అలవాటు. నా కుమార్తె పండ్లకు పెండ్లికి ముందే తొడుగులు వేయించి, మాట బయటికి పొక్కనీయలేదు.

తుదకు బిడ్డతో మేమిరువురమును ఉప్పల్ మీదుగా అఫ్జల్‌గంజి పోయి, ప్రభుత్వ దంతవైద్యశాలలో చూపించితిమి. వైద్యురాలు ముందుగా పాలపండ్లనే పరీక్షించెను. మన దేశమున నీటి ఫ్లోరైడు వలని వ్యాధిని 1937లో నెల్లూరు మండలమున వైద్యులు వర్ణించిరి. అది పాలపండ్లను సామాన్యముగా అంతగా అంటదట. ఇచట పాలపండ్లును, కొత్త పండ్లును ఒకే తీరున నున్నవి. “ఇది నీటి వలన కాదు, పింగాణి పొరయే సరిగా ఏర్పడలేదు. మీ వంశమున ఎవరికైన నున్నదా?” అని అడిగెను.

వియ్యపురాలు నా ప్రక్కనే కూర్చుండి యుండెను. నేను కొంగు తీసి నోరు తెరచితిని.

తరువాత దవడ యంతయు పడునట్లు ఎక్స్‌రే తీసిరి. పండ్లను బట్టి వయసు కట్టుట పాతపద్ధతియే. 1837లో ఇంగ్లండులో సాండర్సు అను దంతవైద్యుడు, కర్మాగారములకు పంపబడు పిల్లల వయసును పైకి వచ్చిన పండ్లతో తేల్చవచ్చునని చూపెను. కాని మా బిడ్డవంటి వారికి పండ్లు ఆలస్యముగా పైకి వచ్చుట కలదు గనుక ఆ లెక్క చెల్లదు. 1973లో కెనడాలో డెమిర్జియన్ మొదలగువారు ఏర్పరచిన పద్ధతిలో, క్రింది దవడ ఎడమవైపు ఏడు పండ్లు ఎముకలో ఎంతవరకు తయారైనవో ఎనిమిది దశలుగా చూతురు. మొదటి నాలుగు దశలు పంటి తలకు, తక్కినవి వేరుకు సంబంధించినవి. పింగాణి పలుచనైనచో తల నీడ పటములో స్పష్టముగా పడదు; అందుచేత ఆమె వేళ్లనే ఎక్కువగా నమ్మెను. మన పిల్లలకు ఆ లెక్క తరచు కొంత ఎక్కువ వయసు చూపునట.

వచ్చిన వయసు దాదాపు తొమ్మిదేండ్లు. ఎదుగుదలకు లోపము లేదు, మేము చెప్పిన వయసును తప్పు కాదు. దవడపండ్లు పూర్తిగా పైకి రాగానే ఉక్కు తొడుగులు వేయుదురు. ఎదుగుదల ముగిసిన పిమ్మట శాశ్వతమైనవి.

బస్సులో వియ్యపురాలు ఉప్పల్ దాక మాటాడలేదు. ఏమనునో యని నా గుండె కొట్టుకొనుచుండెను. పిదప మెల్లగా, “చల్లనీళ్లు త్రాగిన మీకును జివ్వుమనునా వదినగారూ?” అనెను.

“ఇప్పటికిని” అంటిని.