మూత కింద వేడి

2015 మే నెల. బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. ఆ వేసవి వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద, రేకుల గదిలో, నేను పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవాణ్ణి. ఏసీ లేదు. గోడకు తగిలించిన థర్మామీటరు సాయంత్రం ఆరింటికి కూడా 39 చూపించేది.

అది మన్మథ నామ సంవత్సరం. జూన్ మధ్య నుంచి అధికాషాఢం. దాంతో ముహూర్తాలన్నీ వైశాఖ జ్యేష్ఠాల్లోనే వచ్చిపడ్డాయి. పదకొండు పెళ్ళిళ్ళ ఫుటేజీ నా హార్డ్ డిస్కుల్లో ఉంది. వాటిలో ఒక పెళ్ళికూతురు నెలాఖరుకు అమెరికా వెళ్ళిపోతోంది. ఆమె తండ్రి రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "బాబూ, పిల్ల సూట్‌కేసులో పెట్టి పంపాలయ్యా" అని అడిగి వెళ్ళేవాడు. గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు నాకు.

పని జరగకపోవడానికి కారణం ప్రాసెసర్. 2013లో వాయిదాల మీద తీసుకున్న మిషన్ అది. నాలుగు కోర్ల ఇంటెల్ 4770కె. దాన్ని 4.2 గిగాహెర్ట్జ్‌కు ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, వాడుతున్నాను. సరదాకి కాదు, రోజుకు ఒక గంట మిగులుతుందని. చలికాలంలో బాగానే నడిచింది. మే వచ్చేసరికి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తీయడం) పెట్టిన పది నిమిషాలకే కోర్లు 98, 99, 100 డిగ్రీలు. ఆ ప్రాసెసర్‌కు 100 హద్దు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గకపోతే మిషన్ ఆగిపోతుంది. మూడు గంటల పెళ్ళి క్యాసెట్టు (మేం డీవీడీని కూడా క్యాసెట్టు అనే అంటాం) 80 శాతం దాకా వచ్చి ఆగిపోతే, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. అలా ఒకే పెళ్ళికి మూడు రాత్రులు పట్టింది.

ఓవర్‌క్లాక్ తీసేసి చూశాను. వేగం పడిపోయింది, వేడి మాత్రం 90ల్లోనే ఉంది. దుమ్ము దులిపాను, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే పేస్టు మార్చాను, పెద్ద కూలర్ కొన్నాను. చెయ్యి పెట్టి చూస్తే ఆ కొత్త కూలర్ గోరువెచ్చగా ఉంది. దాని కింద ప్రాసెసర్ 98 చూపిస్తోంది. అది నాకు అర్థం కాలేదు. వేడి లోపల పుడుతోంది, పైకి రావడం లేదు. మరి మధ్యలో ఎక్కడ ఆగుతోంది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారుకు సామాను కోసం వెళ్ళినప్పుడు ఒక షాపతను విడమరిచి చెప్పాడు. మనకు పైన కనిపించే వెండిరంగు రేకు ప్రాసెసర్ కాదు, అది మూత. నికెల్ పూత వేసిన రాగి మూత. దాని కింద ఉన్న సిలికాన్ ముక్క 177 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. 84 వాట్ల వేడి ఆ గోరంత చోటు నుంచే బయటికి రావాలి. 2011 నాటి శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లలో సిలికాన్‌ను మూతకు సోల్డర్‌తో అతికించేవారు. 2012లో ఐవీబ్రిడ్జ్ నుంచి మామూలు రకాలకు ఆ చోట పేస్టు వచ్చింది. సోల్డర్‌లో వాడే ఇండియం లోహం వేడిని తీసుకెళ్ళేంత బాగా ఏ పేస్టూ తీసుకెళ్ళలేదు. దీనికి తోడు మూత అంచుల్ని అతికించిన నల్ల సిలికాన్ జిగురు మందంగా ఉంటే మూత వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఆ సందు నిండా పేస్టే. కూలర్ ఎంత పెద్దదైనా ఆ సందు దాటి వచ్చిన వేడినే కదా తీసేది.

"మూత ఊడదీసి లిక్విడ్ మెటల్ పూస్తే ఇరవై డిగ్రీలు తగ్గుద్ది అన్నా. కానీ చెయ్యి తప్పితే ప్రాసెసర్ పోద్ది" అన్నాడు. రెండో మాట కూడా విన్నాను. మొదటిదే చెవిలో ఉండిపోయింది.

ముందు ఒక పాత ప్రాసెసర్ మీద చెయ్యి అలవాటు చేసుకుందామనుకున్నాను. మూలన పడి ఉన్న డ్యూయల్ కోర్ ఒకటి తీసి, బ్లేడుతో అంచులు కోసి, మూత పైకెత్తాను. టక్కుమని శబ్దం వచ్చింది. సిలికాన్ సగానికి విరిగి మూతతో పాటు వచ్చేసింది. అది సోల్డర్ చేసిన రకమని అప్పుడు తెలిసింది. సోల్డర్ ఉన్నదాన్ని అలా ఎత్తకూడదు. ఆ విరిగిన ముక్క అద్దంలా మెరుస్తూ మూతకు అంటుకుని ఉంది. దాన్ని చూశాక ఆ రోజు ఇంక నా ప్రాసెసర్ జోలికి పోలేదు.

మర్నాడు రాత్రి మొదలుపెట్టాను. మూతను పక్కకు నెట్టి ఊడదీసే చిన్న పనిముట్లు తర్వాతి ఏళ్ళలో వచ్చాయి. అప్పటికి నా దగ్గర ఉన్నది గడ్డం గీసుకునే బ్లేడు. దాన్ని నిలువునా రెండుగా విరిచి, లోపలికి ఎంత దిగాలో గుర్తుగా పైన టేపు చుట్టాను. టేపు దాటి దిగితే సిలికానో, దాని పక్కన ఒకే వరుసలో ఆవగింజల కన్నా చిన్నగా ఉండే కెపాసిటర్లో తెగుతాయి. ఫ్యాను గాలికి సామాను కదులుతుందని ఆపేశాను. చెమట కారి ప్రాసెసర్ మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకున్నాను.

మూల దగ్గర బ్లేడు దిగడమే కష్టం. జిగురు రబ్బరులా ఉంటుంది. నొక్కితే వంగుతుంది, ఎక్కువ నొక్కితే ఒక్కసారిగా జారుతుంది. మొదటి వైపు ఇరవై నిమిషాలు పట్టింది. రెండో వైపు సాఫీగా వచ్చింది. మూడో వైపు సగంలో ఉండగా బ్లేడు జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. రక్తం ప్రాసెసర్ మీద పడకూడదని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ కంగారులో బ్లేడు ఇంకోవైపు తిరిగింది. ప్రాసెసర్ అడుగున ఉండే ఆకుపచ్చ పలక మీద అది గీరుకున్న చప్పుడు నాకు వినిపించింది. చాలా చిన్న చప్పుడు, కాగితం మీద గోరు గీసినట్టు.

వేలికి గుడ్డ చుట్టి, నాలుగో వైపు కోసి, మూత తీశాను. లోపల బూడిదరంగు పేస్టు ఎండి గట్టిపడి ఉంది. గోకితే పొడిగా రాలింది. స్పిరిట్‌తో తుడిచి, భూతద్దం పెట్టి అంచు చూశాను. వెంట్రుక సన్నాన ఒక గీత. ఆ గీత మధ్యలో రాగి తళుక్కుమంది.

అప్పటికి మా ఆవిడ లేచింది. "ఏమండీ, ఆ రక్తమేంటి?" అంది. సమాధానం చెప్పకుండా "నీ గోళ్ళరంగు ఇస్తావా" అని అడిగాను. లిక్విడ్ మెటల్ కరెంటును కూడా పారనిస్తుంది. కెపాసిటర్ల మీద ఒక్క చుక్క పడితే షార్ట్ అవుతుంది. వాటి మీద గోళ్ళరంగు పూస్తే అదే రక్ష. ఆమె తెచ్చి పక్కన పెట్టి, టార్చిలైటు పట్టుకుని నా పక్కనే నిలబడింది. పది నిమిషాల సేపు ఇంక ఒక్క మాటా అడగలేదు.

లిక్విడ్ మెటల్ చిన్న సిరంజిలో వస్తుంది. గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమం. సిలికాన్ మీద వేసిన చుక్క పాదరసంలా గుండ్రంగా నిలబడింది. బ్రష్‌తో నెడితే పారిపోతుంది గానీ అంటుకోదు. ఓపిగ్గా అదే చోట రుద్దుతూ ఉంటే, ఒక క్షణంలో గుణం మార్చుకున్నట్టు పలచగా పరుచుకుని అద్దమైపోతుంది. ఆ అద్దంలో టార్చి వెలుగూ, దాని వెనక మా ఆవిడ ముఖమూ కనిపించాయి. మూత అడుగున కూడా అలాగే పూశాను. మూత పైన, కూలర్ కింద మాత్రం మామూలు పేస్టే వేశాను. నా కూలర్ అడుగున రాగి గొట్టాల మధ్య అల్యూమినియం ఉంది. గాలియం తగిలితే అల్యూమినియం గుల్లబారి పొడి అవుతుంది. బండి ఇంజన్‌కు వాడే నల్ల సిలికాన్ నాలుగు మూలలా చుక్కలు పెట్టి మూత అతికించి, సాకెట్‌లో బిగించాను.

పవర్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉంది. ఆగింది. దానంతటదే మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. మదర్‌బోర్డు మీద ఎర్ర అంకెలు 55 దగ్గర నిలిచిపోయాయి. 55 అంటే ర్యామ్ కనపడలేదని. ర్యామ్ తీసి పెట్టాను, మళ్ళీ అదే. ప్రాసెసర్ విప్పి అడుగున మెటల్ ఏమైనా కారిందేమోనని తుడిచాను. సాకెట్ పిన్నులు వంగాయేమోనని ఒక్కొక్క వరుసా చూశాను. తెల్లవారుజామున మూడైంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది ప్రాసెసర్ ధర కాదు. మెట్లెక్కి వచ్చి నిలబడే ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనకు ఏం చెప్పాలి? పిల్ల తలంబ్రాలు నా దగ్గర ఉన్నాయి, బయటికి తియ్యలేను అని చెప్పాలా? నేను ఏడవలేదు గానీ నేల మీద కూర్చున్నవాణ్ణి చాలాసేపు లేవలేకపోయాను.

తెల్లారాక ఒకే ఒక్క ర్యామ్ ముక్క పట్టుకుని నాలుగు స్లాట్లలో మార్చి మార్చి పెట్టి చూశాను. మొదటి రెండింటిలో చావలేదు, బతకలేదు. మూడో దానిలో పెట్టగానే తెర వెలిగింది. నాలుగో దానిలోనూ వెలిగింది. అప్పుడు బోధపడింది. ఈ ప్రాసెసర్ ర్యామ్‌తో రెండు దారుల్లో మాట్లాడుతుంది. బ్లేడు గీసిన ఆ వెంట్రుకంత గీత ఒక దారిని తెంపేసింది. నాలుగు స్లాట్లలో కలిపి 16 జీబీ ఉన్న మిషన్, ఆ ముక్కలతో ఇక 8 జీబీయే.

రెండర్ పెట్టి ఉష్ణోగ్రత చూశాను. గదిలో 38 ఉన్నా కోర్లు 77, 78 దగ్గర నిలబడ్డాయి. షాపతను చెప్పిన ఇరవై డిగ్రీలు అక్షరాలా తగ్గాయి. 4.4 గిగాహెర్ట్జ్‌కు పెంచినా 84 దాటలేదు. ర్యామ్ తగ్గడంతో ఎడిటింగ్ టైంలైన్ నత్తనడక నడిచింది. రెండు ఫైళ్ళు తెరిస్తే బిగుసుకుపోయేది. కానీ పెట్టిన రెండర్ మధ్యలో ఆగకుండా పూర్తయింది. పెద్దాయనకు డిస్కులు విమానానికి రెండు రోజుల ముందు ఇచ్చాను. తెగిన వేలికి కట్టు చూసి, "వంటింట్లో కూడా నువ్వే పని చేస్తావా బాబూ" అన్నాడు. అవునన్నాను.

2018లో మూడు నాలుగు డిగ్రీలు పెరిగాయని గమనించి మళ్ళీ మూత తీశాను. ఈసారి జిగురు చుక్కలే కాబట్టి బ్లేడుతో పని పడలేదు. మూత అడుగున లోహం కొంత ఇంకిపోయి, సీసంలా మసక మరక మిగిలింది. రుద్ది కొత్తది పూశాను. ఆ ఏడే తొమ్మిదో తరం పెద్ద ప్రాసెసర్లలో మళ్ళీ సోల్డర్ వచ్చింది. నా కోసం కాదు గానీ, నాలా బ్లేడు పట్టుకుని కూర్చునేవాళ్ళ కోసం చాలా సంతోషించాను.

ఇప్పటికీ పాత ప్రాసెసర్లు పట్టుకుని ఎడిటింగ్ కుర్రాళ్ళు వస్తుంటారు, మూత తీసిపెట్టమని. కిందటి వేసవిలో మచిలీపట్నం నుంచి ఒకతను వచ్చాడు. పెట్టె విప్పకముందే అడిగాను.

"ఇది పోతే పని చేసుకోవడానికి ఇంకో మిషన్ ఉందా తమ్ముడూ?"

"లేదన్నా."

కూలర్ తీసి, దుమ్ము దులిపి, పైన కొత్త పేస్టు వేసి ఇచ్చాను. గదిలో ఏసీ పెట్టించుకోమని, కుదరకపోతే రెండర్లు రాత్రి పన్నెండు తర్వాత పెట్టుకోమని చెప్పాను. మూత ముట్టుకోలేదు.