మా కారు పరీక్ష తప్పింది

మా వంశంలో పరీక్ష తప్పినవాళ్ళు లేరు. నేను ఇంటర్మీడియెట్ లెక్కలు రెండుసార్లు రాసిన మాట నిజమే గానీ, అది ఆరోగ్యం బాగోక జరిగింది కనక లెక్కలోకి రాదు. అలాంటి ఇంటికి అప్రతిష్ట మొన్న డిసెంబరులో మా కారు తెచ్చిపెట్టింది.

కారనగానే మరేదో ఊహించుకోకండి. 1997లో కొన్న మారుతీ ఎనిమిదొందలు. పేరుకి ఎనిమిదొందలు గానీ అసలు లెక్క 796 సీసీ. మూడు సిలిండర్లు, ఒక కార్బొరేటరు, నాలుగు చక్రాలు, మా ఆవిడ దృష్టిలో అనవసరమైన ప్రేమ. రాష్ట్రం విడిపోయింది, నంబరు ప్లేట్ల మీద టీఎస్ వచ్చింది, అదీ పోయి 2024లో టీజీ వచ్చింది. నా కారు మాత్రం ఇప్పటికీ ఏపీ అనే బోర్డు కట్టుకుని హైదరాబాదులో తిరుగుతోంది. పదిహేనేళ్ళు నిండినప్పుడు ఒకసారీ, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారీ రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాను. పెన్షన్‌దారు ఏటా బతికున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చుకుంటాడే, అలాగన్నమాట.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. పొగ విషయంలో నేను పట్టింపు మనిషిని. నల్లగా కక్కుతూ పోయే బస్సునో ఆటోనో చూశానంటే ఊరుకోను. ఎర్రలైటు దగ్గర అద్దం దించి మరీ ఆటోవాళ్ళకి ఉపన్యాసం ఇచ్చిన సందర్భాలున్నాయి. పత్రికలకి సంపాదకుడికి లేఖలు కూడా రాశాను, రెండు అచ్చయ్యాయి. గురివింద గింజ సామెత నాకు తెలియక కాదు. అది నాకు వర్తిస్తుందని తోచలేదంతే.

మా బండి బీఎస్ నాలుగుకి ముందుది కనక పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. పాతది గడువు దాటిందని మా ఆవిడే చూసి చెప్పింది. 2019లో చట్టం సవరించాక, అది లేకుండా దొరికితే పదివేల దాకా జరిమానా వెయ్యొచ్చట. పదివేలంటే నా కారు ధరలో ఎన్నో వంతో చెబితే మీరు నవ్వుతారు. అంచేత ఆ సాయంత్రమే పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే పొల్యూషన్ వ్యాను దగ్గరికి వెళ్ళాను.

వ్యానులో ఓ కుర్రాడు. “ఇంజను ఆపకండి అంకుల్” అంటూ ఓ రబ్బరు గొట్టం తెచ్చి సైలెన్సరులో దూర్చాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నోట్లో థర్మామీటరు పెట్టినట్టే ఉంది. మిషను కాసేపు గుర్రుమంది. కుర్రాడు అంకె చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ అంకె చూశాడు.

“పోయింది అంకుల్. సీఓ ఐదు పాయింట్ ఎనిమిది. మీ బండికి మూడు దాటకూడదు.”

“అబద్ధం! పొగేదీ? ఒక్క చుక్క పొగ చూపించు!” అన్నాను, కోర్టులో సాక్ష్యం అడుగుతున్నవాడిలాగ.

“ఇది కనపడదు అంకుల్.”

అంకుల్ అన్నందుకు కోపం వచ్చిందో, కనపడదన్నందుకు వచ్చిందో చెప్పలేను. సీఓ అంటే కార్బన్ మోనాక్సైడు. పెట్రోలుకి తగినంత గాలి తగిలితే అందులోని కార్బను సవ్యంగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి చాలకపోతే సగంలో ఆగి ఇదవుతుంది. రంగు లేదు, వాసన లేదు. వెనకటి రోజుల్లో చలికి గది తలుపులన్నీ మూసుకుని కుంపటి పెట్టుకు పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం విన్నాం కదా, అది దీని పనే. నెత్తుట్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా రెండువందల రెట్లకి పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇదంతా నేను చదువుకున్న పాఠమే. చదువుకున్నది చదువుకున్నట్టే పుస్తకంలో ఉండిపోయింది.

నేను మొహం వేలాడేసుకుని నిలబడి ఉండగా బంకు గోడకి జారబడ్డ మరో మనిషి దగ్గరికొచ్చాడు. “పరేషాన్ ఎందుకు సార్? మనకి తెలిసిన వ్యాను ఉంది. గొట్టం ఇంకో బండిలో పెడతారు, ఫోటో మీ నంబరు ప్లేటుది తీస్తారు. ఐదు నిమిషాల పని” అన్నాడు. మీ దగ్గర దాచడమెందుకు, జేబులో చెయ్యి పెట్టాను. అచ్చయిన నా రెండు లేఖలూ ఆ క్షణాన గుర్తు రాలేదు. చిల్లర లేకపోయింది. రేపొస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

బయల్దేరుతుంటే వ్యాను కుర్రాడు వెనకనించి ఓ మాట అన్నాడు. “రిపేరు అయ్యేదాకా మూసిన చోట స్టార్ట్ చేసి ఉంచకండి అంకుల్.”

ఆ మాట దారి పొడుగునా చెవిలో జోరీగలా తిరిగింది. ఎందుకంటే నేను రోజూ చేసేది సరిగ్గా అదే.

మా అపార్టుమెంటు సెల్లారులో, నా కారు నిలిపేచోటికి వెనకాల వాచ్‌మన్ గది. ఒక్క గది, ఒక్క కిటికీ. ఆ కిటికీకీ నా సైలెన్సరుకీ మధ్య బారెడు దూరం ఉండదు. పొద్దున్నే ఐదున్నరకి నేను దిగుతాను. చలికాలం కనక చోక్ లాగి స్టార్ట్ చేస్తాను. పాత బండి, వేడెక్కకుండా కదిపితే దాని ప్రాణం ఉసూరుమంటుందని పది నిమిషాలు అలా ఉంచి, ఆ పది నిమిషాలూ గేటు దగ్గర పేపరు చదువుకుంటాను. ఆ తర్వాత ఎక్కడికి వెళతానంటారా? ఇందిరా పార్కుకి. స్వచ్ఛమైన గాలి పీల్చడానికి.

వాచ్‌మన్ భార్యకి నెల్లాళ్ళుగా తలనొప్పి. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చినప్పుడు కణతలు నొక్కుకుంటూ కూచునేది. “మంచులో తిరగకమ్మా, చెవులకి గుడ్డ చుట్టుకో” అని నేనే సలహా ఇచ్చాను. పారాసెటమాల్ మాత్రల అట్ట కూడా ఇచ్చాను. నా దాతృత్వానికి నేనే మురిసిపోయాను కూడాను.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు ఆమె రాగానే, ఏమీ ఎరగనట్టు అడిగాను: “తలనొప్పి ఎప్పుడొస్తుందమ్మా?”

“పొద్దుగాలనే సారూ. లేస్తూనే పట్టేస్తది. పదింటికి తగ్గుతది.”

“రోజూనా?”

ఆమె కాస్త ఆలోచించింది. “ఆదివారం అంతగా ఉండదు సారూ. ఆ రోజు పని తక్కువ గదా, అందుకేమో.”

ఆదివారం నేను పార్కుకి వెళ్ళను. జనం ఎక్కువని.

నా కారు వల్లనే వచ్చిందని రుజువేమీ లేదు. తలనొప్పికి నూరు కారణాలుంటాయి, నేను వైద్యుణ్ణీ కాను. అయినా ఆ మాట వినగానే నా కాఫీ గొంతు దిగలేదు. “ఏమండీ, అలా ఉన్నారేం?” అంది మా ఆవిడ. ఏం చెప్పను?

బంకు గోడ మనిషి దగ్గరికి వెళ్ళలేదు. కారుని సెల్లారులో స్టార్ట్ చెయ్యకుండా వాచ్‌మనూ నేనూ కలిసి ర్యాంపు మీదుగా రోడ్డు మీదికి తోశాం. అరవై ఏడేళ్ళ వయసులో కారు ర్యాంపెక్కించడం ఎలాంటిదో అనుభవిస్తే గానీ తెలియదు. మొదటి అంతస్తు ఆయన బాల్కనీలోంచి “బ్యాటరీ పోయిందా సార్?” అని అడిగి, తోయడానికి మాత్రం దిగలేదు.

మెకానిక్ భాయ్ ఇరవయ్యేళ్ళుగా మా బండికి ఫ్యామిలీ డాక్టరు. బానెట్టు ఎత్తి ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి నా మొహానికెదురుగా ఝాడించాడు. పావుకిలో మట్టి రాలింది. “గాలే లేదు సాబ్ దీనికి, ఎట్లా పీలుస్తది?” అన్నాడు. ప్లగ్గులు మూడూ మసిబారి కాటుక భరిణెల్లా ఉన్నాయి. అసలు దొంగ తర్వాత దొరికింది. చోక్ వైరు తుప్పు పట్టి, నేను నాబు లోపలికి నొక్కేసినా అక్కడ పూర్తిగా వెనక్కి పోవట్లేదు. అంటే ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ కూడా మా కారు చలికాలపు భోజనం చేస్తోందన్నమాట: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మైలేజీ తగ్గిందని నేను బంకువాణ్ణి అనుమానించాను, పాపం.

కొత్త వైరు, కొత్త ఫిల్టరు, కొత్త ప్లగ్గులు. కార్బొరేటరు విప్పి, పెట్రోల్లో కడిగి, జెట్లు ఊది బిగించాడు. చివరికి చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని, చెవి ఇంజనుకేసి పెట్టి, మిక్చరు స్క్రూ అర చుట్టు అటూ పావు చుట్టు ఇటూ తిప్పాడు. తంబూరా శ్రుతి చేసే విద్వాంసుడు కూడా అంత శ్రద్ధగా వింటాడనుకోను. ఉన్నట్టుండి ఇంజను వణుకు మాని, నిద్రపోయే పసిపిల్లలా ఊపిరి తీసింది. అతను నవ్వి, “మూడువేల రెండొందలు సాబ్” అన్నాడు.

మళ్ళీ అదే వ్యాను, అదే కుర్రాడు, అదే గొట్టం. నా గుండె ఇంటర్మీడియెట్ ఫలితాల రోజున కూడా అలా కొట్టుకోలేదు. ఒకటి పాయింట్ ఏడు. “పాస్ అంకుల్!” అన్నాడు. ఈసారి అంకుల్ అన్నా బాగానే ఉంది.

కాగితం తెచ్చి మా ఆవిడకి చూపించాను. అంతా విని, “కాగితం సరే, ఆ పిల్లకి చెప్పారా?” అంది. ఒకటి పాయింట్ ఏడు కూడా కిటికీలోకి వదలదగ్గది కాదని నాకూ తెలుసు. అందుకే కారు ఇప్పుడు గేటు బయట వేపచెట్టు కింద ఉంటోంది, పిట్టల రెట్టలతో సహా. పార్కుకి నడిచి వెళుతున్నాను. కానీ చెప్పడం మాత్రం వారం రోజులు వాయిదా వేశాను. తలనొప్పి ఎలా ఉందని అడగడం, తగ్గిందంటే సంతోషించి ఊరుకోవడం.

చివరికి నిన్న చెప్పేశాను. పొగ సంగతీ, కిటికీ సంగతీ, ఆదివారం సంగతీ, నేనిచ్చిన సలహా ఎంత తెలివితక్కువదో కూడా. ఆమె అంట్ల గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ చాలాసేపు నాకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అయితే సారూ, ఆ గోలీలు ఇంకా నాలుగున్నయి. ఏసుకోవాల్నా, ఒద్దా?” అంది.