తొడిమలు తీసిన చేతులు

బీఎస్సీ మూడేళ్లూ ఫీజు గురించి మా ఇంట్లో పెద్దగా మాటే రాలేదు. రీయింబర్స్‌మెంట్ వచ్చేది. చివరి ఏడాది ఆ డబ్బు అమ్మ ఖాతాలోనే పడింది. ఫోన్‌కి మెసేజ్ వస్తే అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

2021లో పీజీసెట్ రాశాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ సీటు నా ర్యాంకుకి అందలేదు. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో వచ్చింది. "డిగ్రీకి వచ్చిందిగా చెల్లెమ్మా, పీజీకీ వస్తుంది" అన్నాడు ఆప్షన్లు పెట్టిన నెట్ సెంటర్ అన్న. రాదని చేరడానికి వెళ్లిన రోజు కౌంటర్ దగ్గర తెలిసింది. 2020 డిసెంబరులో జీవో 77 ఇచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి రీయింబర్స్‌మెంట్ తీసేశారట. ఏడాదికి 35,000. హాస్టల్ వేరే.

4 లక్షల లోపు చదువు లోనుకి తాకట్టు అక్కర్లేదని విని నాన్నా నేనూ బ్యాంకుకి వెళ్లాం. తాకట్టు అడగలేదు, నిజమే. నాన్న సిబిల్ చూశారు. లాక్‌డౌన్‌లో బండి ఫైనాన్సు నాలుగు వాయిదాలు తప్పాయి. అంతే, ఫైలు పక్కకి పోయింది. నాన్న బయటికొచ్చి ఆ బండి మీదే నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. దారంతా ఒక్క మాట లేదు.

మామూలు ఏడైతే మిర్చి ఆదుకునేది. ఆ ఏడు నల్ల తామర పురుగు పడింది. పూత మీదే తోట పోయింది, కౌలు మాత్రం కట్టక తప్పలేదు. అమ్మ తన నాన్తాడు తీసి బ్యాంకులో పెట్టింది. పుస్తెలు పసుపు తాడుకి గుచ్చుకుంది. మొదటి ఏడాది ఫీజు అలా కట్టాం.

హాస్టల్ ఖర్చు నేను చూసుకుంటానన్నాను. సెలవు రోజుల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని. కిలోల లెక్కన ఇస్తారు. పక్కన కూర్చున్న పెద్దమ్మలు నేను ఒక బుట్ట తీసేలోపు మూడు తీసేవాళ్లు. రాత్రికి వేళ్లు మండిపోయేవి. కొబ్బరినూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచినా ఆ మంట తెల్లారేదాకా ఉండేది. ఒక సోమవారం ల్యాబులో టైట్రేషన్ చేస్తూ మర్చిపోయి కన్ను నులుముకున్నాను. యాసిడ్ పడిందని మేడమ్ కంగారుపడి నీళ్లు కొట్టించారు. మిరపకాయ అని చెప్పడానికి సిగ్గేసి యాసిడే అన్నాను. ఇప్పటికీ ఆవిడకి అంతే తెలుసు.

రెండో ఏడాదికి అమ్మ చీటీ పాడింది. 50,000 చీటీ, మూడో నెల పాట. మాతోపాటు ఇంకొకామె ఆసుపత్రి అవసరంతో పోటీకి రావడంతో పాట పెరిగింది. 14,000 పోగొట్టుకుని 36,000 తెచ్చుకున్నాం. ఆ రోజు ఆమెకి డబ్బు అందలేదు. ఈ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ బాగుండదు.

అయినా పరీక్ష ఫీజులూ అవీ కలిపి చివర్లో 12,000 బాకీ మిగిలింది. కాలేజీ వాళ్లు టీసీ, మార్కుల లిస్టులు ఆపేశారు. "కట్టి తీసుకెళ్లమ్మా" అన్నాడు గుమాస్తా, కసురుకోకుండానే. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో ట్రైనీగా తీసుకుంటానంది, ఒరిజినల్స్ చూపించమంది. పది రోజులు గడువడిగాను. పదకొండో రోజు ఫోన్ ఎత్తలేదు. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పిందని తర్వాత చదివాను. ఆ కాగితం ప్రింటు కూడా తీయించాను. కౌంటర్ దాకా తీసుకెళ్లే ధైర్యం మాత్రం చాలలేదు.

మా ఊళ్లో పదో తరగతి పిల్లలకి ట్యూషన్లు చెప్పి, తలకి 200 చొప్పున కూడబెట్టి, ఏడు నెలలకి ఆ 12,000 కట్టాను. సర్టిఫికెట్లు చేతికొచ్చాక ఇంకో కంపెనీలో చేరాను. జీతంలోంచి ముందు చీటీ తీరింది. నాన్తాడు ఇంకా బ్యాంకులోనే ఉంది. మొన్న కూడా వడ్డీ కట్టి తిరగరాయించాం. అమ్మ మెళ్లో పసుపు తాడే.