బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న మన సహోదరి పక్షాన



మన సంఘంలోని ఒక సహోదరికి ఐదు నెలల క్రితం విజయవాడలో బరువు తగ్గించే ఆపరేషన్ జరిగిందని మీలో చాలామందికి తెలుసు. అయితే తెలిసినవాళ్లకంటే విన్నవాళ్లే ఎక్కువ. "కొవ్వంతా కోసి తీశారంట", "పేగులు తీసేశారంట", "ఇక జన్మలో అన్నం ముట్టకూడదంట" అని రకరకాల మాటలు మా చెవిన పడుతున్నాయి. హైదరాబాదులోను, గల్ఫ్‌లోను ఉన్న మన పిల్లలు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. తన పేరు వ్రాయవద్దని, జరిగింది మాత్రం వ్రాయమని ఆ సహోదరే కోరింది. ఆపరేషన్‌కు ముందు రెండుసార్లు, తరువాత మూడుసార్లు మేమిద్దరం ఆమెతో ఆసుపత్రికి వెళ్లాము గనుక, అక్కడ చూచినవి, డాక్టర్లు చెప్పగా విన్నవి వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. "ప్రార్థన చేసుకొని నోరు కట్టుకుంటే తగ్గదా? దానికి కోత ఎందుకు?" అన్న మాట బయటివాళ్ల దగ్గర నుండి రాలేదు, మనలో నుండే వచ్చింది. కంట్లో శుక్లం వస్తే ప్రార్థన చేసి ఆపరేషన్‌కు పంపుతాము. హెర్నియా అయితే చందాలు వేసి మరీ పంపాము. దీనికి మాత్రం నవ్వాము. ఆమె ఎనిమిదేళ్లు నోరు కట్టుకుంది ప్రియులారా. రాత్రిపూట జొన్నరొట్టె, తెల్లవారుజామున కాలువగట్టు మీద నడక, ఎవరో చెప్పిన పొడులు, కషాయాలు. ప్రతిసారీ ఆరేడు కిలోలు తగ్గేది, ఏడాది తిరగకముందే పది పెరిగేది. డాక్టరుగారు దీనికి కారణం చెప్పారు. బరువు తగ్గుతుంటే శరీరం కరువు వచ్చిందని అనుకుంటుందట. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, పోయిన బరువును వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. ఆపరేషన్‌లో ఆ భాగం పోతుంది గనుక ఆకలి కూడా తగ్గుతుంది. ఏలీయా అలసి చెట్టు క్రింద పడుకున్నప్పుడు దూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు, ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. శరీరం సంగతి చూడడం అవిశ్వాసమని మేము అనుకోము.

ఎవరికి పడితే వారికి ఈ ఆపరేషన్ చేయరు. బరువును కిలోల్లో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. మన దేశంలో డాక్టర్లు చాలాకాలం పాటించిన లెక్క ప్రకారం అది 37.5 దాటితే, లేదా షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉండి 32.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఈమధ్య ఆ హద్దులను ఇంకా తగ్గించారు. మన సహోదరి ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలు. ఆమెకు 44 వచ్చింది. షుగరు కూడా ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు తేదీ ఇచ్చేస్తారని అనుకున్నాము. ఇవ్వలేదు. రక్తపరీక్షలు, థైరాయిడ్, మూడు నెలల షుగరు, గుండెకు ఎకో, కడుపు స్కానింగు, గొట్టం వేసి ఎండోస్కోపీ, ఇవన్నీ అయ్యాక మనస్తత్వ నిపుణురాలి దగ్గరకు పంపారు. "నేనేమన్నా పిచ్చిదాన్నా అయ్యగారూ" అని మన సహోదరి మా వైపు చూచింది. లోపల ఆవిడ అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. ఎప్పుడు తింటావమ్మా? ఆకలేసినప్పుడా, ఏడుపు వచ్చినప్పుడా? ఇంట్లో నీకు తోడు ఎవరు? బయటకు వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు" అంది. సంఘ కాపరులమైన మాకు కూడా ఆ మాట తగిలింది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు అన్నం, నూనె, తీపి దాదాపు మాన్పించి ప్రోటీను పొడి, పలుచని మజ్జిగ, కూరగాయల మీద ఉంచారు. అది శిక్ష కాదు. కాలేయం జీర్ణాశయం మీద కప్పుకొని ఉంటుంది. అందులో కొవ్వు తగ్గితే అది కుంచించుకొని పక్కకు జరపడానికి వీలవుతుంది. ఆ రెండు వారాల్లోనే వాళ్ల ఆడపడుచు ఇంట్లో పెళ్లి వచ్చింది. సీసాలో మజ్జిగ పట్టుకొని వెళ్లి వచ్చింది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆపరేషన్ తరువాత ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలని కూడా ముందే చెబుతారు. ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు పాలసీ కాగితాలు ముందే చదివించుకోండి.

ఆమెకు చేసింది స్లీవ్ అనే పద్ధతి. కొవ్వు తీయరు, పేగులు తీయరు. జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. తీసినదాన్ని తిరిగి పెట్టడం కుదరదు. బైపాస్ అనే ఇంకో పద్ధతిలో చిన్న సంచిలాగా చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండూ చిన్న చిన్న రంధ్రాలతోనే చేస్తారు. థియేటరు బయట మేము కూర్చున్నది రెండు గంటలు. ఆ సాయంత్రమే నర్సులు ఆమెను లేపి నడిపించారు. కాళ్లలో రక్తం గడ్డ కట్టకూడదని అలా చేస్తారట. భుజం నొప్పి అని మూలిగితే మేము భయపడ్డాము గాని, కడుపులో నింపిన గ్యాసు వలన అలా ఉంటుందని, రెండు మూడు రోజుల్లో పోతుందని చెప్పారు. మూడో రోజున ఇంటికి పంపారు.

అసలు పని అక్కడి నుండి మొదలైంది. మొదట్లో మందు కొలిచే చిన్న కప్పుతో, 30 మిల్లీలీటర్లు, గుటకలు గుటకలుగా నీళ్లు, పప్పు తేట, వడకట్టిన సూపు. రెండు వారాలు అంతే. తరువాత మెత్తగా చిదిమిన పప్పు, పెరుగు, గుడ్డు. నెల దాటాక మెత్తని ఇడ్లీలో ఒక ముక్క. రెండు నెలలకు గాని మామూలు కూరా అన్నం రాలేదు. అదీ అర కప్పు, అరగంట పడుతుంది. ముందు గుడ్డో చేపో పప్పో తినాలి, రోజుకు 60 గ్రాములైనా ప్రోటీను వెళ్లాలి, కాస్త ఖాళీ ఉంటే అన్నం. తినేటప్పుడు నీళ్లు త్రాగకూడదు, అరగంట ఆగాలి. రెండు ముద్దలు ఎక్కువైతే ఛాతీ పట్టేసి, నోట్లో నీళ్లూరి, వాంతి అవుతుంది.

ఇప్పుడు 86 కిలోలు ఉంది. షుగరు మాత్రలు డాక్టరే తగ్గించారు. ఎవరూ సొంతంగా ఆపకూడదు, సొంతంగా కొనసాగించకూడదు. పాత మోతాదే వేసుకుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. మూడో నెల నుండి జుట్టు చేతికి కుచ్చులుగా వస్తోంది. ఇది చాలామందికి జరుగుతుంది, ప్రోటీను, ఐరన్ సరిగ్గా అందితే మళ్లీ వస్తుందన్నారు. చేతుల క్రింద, పొట్ట మీద చర్మం వ్రేలాడుతోంది. ముఖం పీక్కుపోయింది. "ఏమ్మా, జబ్బు చేసిందా?" అని దారిలో ఆపి అడిగేవాళ్లే. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాలి, రక్తపరీక్షలు జీవితాంతం చేయించుకోవాలి. స్లీవ్ చేయించుకున్నవారు ఏడాదిన్నరలో మొత్తం బరువులో పావు వంతు లేక కాస్త ఎక్కువ తగ్గుతారట. ఆ తరువాత కొందరికి కొంత తిరిగి వస్తుంది కూడా. ఈ మాట దాచి చెప్పే ఆసుపత్రికి వెళ్లకండి.

కొన్ని ప్రమాద సూచనలు ఇంట్లో అందరికీ తెలియాలి. మొదటి వారాల్లో జ్వరం, గుండె దడ, తగ్గని కడుపునొప్పి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, కుట్లు వేసిన చోట లీకు కావచ్చు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి. బరువు వేగంగా తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు. ఒళ్లు నొప్పులంటే ఎవరో ఒకరు సంచిలో నుండి బిళ్ల తీసి ఇవ్వడం మనకు అలవాటు. ఆమెకు ఇవ్వకండి. కొన్ని నొప్పి బిళ్లలు అక్కడ పుండు చేస్తాయి.

ఇంకొకటి మాతో ఆమె మెల్లగా చెప్పింది. రెండో నెలలో వంట చేస్తూ ఏడ్చేదట. "సంతోషమొచ్చినా, దుఃఖమొచ్చినా తినేదాన్ని అమ్మగారూ. ఇప్పుడు ఎక్కడికి పోవాలి?" అని అడిగింది. ఆ నెలలో వారం వారం అమ్మగారు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నారు. ఎక్కువగా మాట్లాడింది లేదు, చిక్కుడుకాయలు వలిచారు.

శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు ఆమె వస్తుంది. అయితే నీళ్ల సీసాతో, గుడ్డు డబ్బాతో వస్తుంది, మధ్యలో త్రాగుతుంది, తింటుంది. నీళ్లు మానడం ఆమెకు మంచిది కాదని డాక్టరు చెప్పారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడనక్కరలేదు.

వచ్చే ఆదివారం కోత పండుగ. ప్రేమ విందులో వడ్డించే సహోదరీలకు మా మనవి. "ఇంతేనా తినేది, మా మీద కోపమా" అనవద్దు, విస్తరిలో ఇంకో గరిటె వేయవద్దు. ఉడికించిన గుడ్డు ఒకటి, పలుచని పప్పు అర కప్పు ఆమెకోసం విడిగా తీసి ఉంచండి. బిర్యానీ తిని అందరూ చేతులు కడుక్కొనే సరికి ఆమె ఇంకా సగంలో ఉంటుంది. అప్పుడు బల్లలు తీసేయకుండా, ఎవరైనా ఇద్దరు ఆమె ప్రక్కన కూర్చోండి.