ఎవరి తలలో పేలు?

సావనీరుకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం పిల్లలు ఫోను చేసినపుడు, "దేన్ని గూర్చి వ్రాయమంటారు?" అని అడిగాను. "మీ యిష్టం మేడమ్, పూర్వ విద్యార్థిని కదా మీరు, కాలేజీ జ్ఞాపకాలేమైనా..." అని నసిగారు. జ్ఞాపకాలకేం, కావలసినన్ని ఉన్నాయి. కాని పోయిన సంవత్సరం నుంచి నా మనస్సును తొలుస్తున్న సంగతి వేరే ఉంది. దాని పేరు చెబితే సంపాదకులు ముక్కు మీద వేలు వేసుకొంటారేమో. అయినా చెబుతున్నాను. పేలు. అవును, తలలో పేలే.

నవ్వకండి. మన జంతుశాస్త్ర విభాగంలో నాతో చదివినవారెవరైనా యిది చూస్తుంటే వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రికార్డులో పెడిక్యులస్ బొమ్మను నేను గీసినంత శ్రద్ధగా మా బ్యాచిలో ఎవ్వరూ గీయలేదు. ఆరు కాళ్ళు, ఒక్కొక్క కాలి చివర వెంట్రుకను పట్టుకొనే కొక్కెంలాంటి గోరు, రెక్కలు లేని చదును శరీరం, అన్నీ కొలత తప్పకుండా గీశాను. లెక్చరరుగారు ఆ పేజీని క్లాసంతా తిప్పి చూపించారు. ఆ బొమ్మ గీసిన చేతులతోనే మా అమ్మాయికి రోజూ రెండు జడలు వేస్తూ, నెలల తరబడి దాని తలలో ఏమున్నదో కనిపెట్టలేకపోయాను. డిగ్రీ చదువు ఇంటి దాకా రావడానికి చాలా కాలం పడుతుందనుకొంటాను.

మేముండేది సాతంరాయిలో. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఆరాంఘర్ చౌరస్తా దాటి బెంగుళూరు రోడ్డున పోతుంటే గగన్‌పహాడ్ తర్వాత, శంషాబాద్‌కు ముందు తగిలే ఊరు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు వచ్చిన తర్వాత మా వైపు మనుషుల కలయికే మారిపోయింది. ప్లాటు కొని యిల్లు కట్టుకొన్న మాబోటి ఉద్యోగస్థులు ఒకవైపు. పాలమూరు జిల్లా పల్లెల నుంచి వచ్చి కాంట్రాక్టు కింద విమానాశ్రయంలో నేల తుడిచేవాళ్ళు, గోడౌన్లలో సరుకు దింపేవాళ్ళు మరొకవైపు. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడకుండా రోజులు గడపవచ్చు. పిల్లలకు ఆ వీలు లేదు. ఒకే బడి, ఒకే బెంచీ, నలుగురికి కలిపి ఒక బొమ్మల పుస్తకం. నాలుగు తలలూ దాని మీదికి ఒరుగుతాయి. ఎగరలేని, దూకలేని ప్రాణికి అంతకంటె మంచి వంతెన ఏముంటుంది?

పోయిన ఆగస్టులో బడివాళ్ళు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. మూడో తరగతి. మార్కుల సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. తర్వాత ఒకావిడ లేచి, "జూన్ల కొత్తగ చేరిన ఆ పిల్ల నెత్తి నిండ పేన్లే మేడం. మా పాపకు అంటుకున్నయి. ఎక్కడెక్కడివాళ్ళనో చేర్చుకుంటే గిట్లనే అయితది" అన్నది. ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు నాలుగు గొంతులు లేచాయి. ఫీజులు కట్టేది యిందుకేనా అని ఒకరు. పేను కొరుకుడు వచ్చి పిల్లల జుట్టంతా ఊడిపోతుందని ఇంకొకరు. (పేను కొరుకుడుకూ పేలకూ సంబంధం లేదు. వెంట్రుకల కుదుళ్ళ మీద మన శరీరమే తిరగబడితే అలా పేచీలు పేచీలుగా ఊడుతుంది. పేరు పెట్టిన పూర్వులు పేనును అన్యాయంగా ఇరికించారు. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు. నోరు విప్పలేదు.) "దూరంగ కూసోబెట్టుండ్రి, సరిపోతది" అని ఒక తండ్రిగారు తీర్పు చెప్పారు.

ఒక తెల్లకాగితం చేతులు మారుతూ వచ్చింది. తల శుభ్రపడేవరకు ఆ పిల్లను వేరుగా కూర్చోబెట్టాలని రెండు పంక్తులు, కింద సంతకాలు. నా వంతు వచ్చేసరికి తొమ్మిది సంతకాలున్నాయి. పదవది నాది. బలవంతమేమీ లేదు. నా పక్కన కూర్చున్నావిడ పెన్ను కూడా యిచ్చింది.

ఆ పిల్ల తల్లి ఆ సమావేశానికి రాలేదు. మధ్యాహ్నం షిఫ్టట.

మర్నాడు మా అమ్మాయి అన్నం తింటూ చెప్పింది, ఆ పాపను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారని. "ఎందుకమ్మా?" అంది. "మళ్ళీ మామూలుగా కూర్చోబెడతార్లే" అన్నాను. మూడు రోజుల తర్వాత ఆ పాప గుండుతో బడికి వచ్చింది. గేటు దగ్గర వాళ్ళమ్మ, ఒంటి మీద పని యూనిఫారం, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకటే చెబుతున్నది: "మొక్కు ఉండె. గుట్టకు పోయొచ్చినం." మంగళవారం, బుధవారం బడికి వచ్చిన పిల్ల, రెండు పూటలా పనికి పోయిన తల్లి యాదగిరిగుట్టకు ఎప్పుడు పోయి వచ్చారని మేమెవరం అడగలేదు. "మంచిదమ్మా, మంచిదమ్మా" అని తల ఊపాము. అబద్ధమని తెలిసీ ఊపాము. ఆ మాత్రం మర్యాద మాకు ఉన్నది.

ఆ ఆదివారం మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. భోజనాలయ్యాక మనుమరాలిని డాబా మీద ఎండకు కూర్చోబెట్టుకొని జడలు విప్పింది. విప్పగానే నన్ను కేకేసింది.

"ఏందే కోడలా, పిల్ల నెత్తిల ఈర్లు ముత్యాలు గుచ్చినట్టున్నయి! ఇన్ని దినాలు ఏం జూసినవే?"

చుండ్రు అనుకొన్నానన్నాను. చుండ్రు విదిలిస్తే రాలుతుంది. ఈరు రాలదు. ఆడపేను గుడ్డును తల చర్మానికి ఆనుకొని వెంట్రుక మొదట్లో పెట్టి, సిమెంటులాంటి జిగురుతో అతికిస్తుంది. వారం పది రోజుల్లో పిల్ల బయటికి పోతుంది, తెల్లని గుల్ల మాత్రం వెంట్రుకను వదలదు. వెంట్రుక పెరిగినకొద్దీ గుల్లా దానితోపాటు కిందికి జరుగుతుంది. ఇదంతా నేను పరీక్షల్లో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నదే. వ్రాసినప్పుడు తట్టనిది ఆ ఎండలో తట్టింది. పిల్ల జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చాను.

తల మీది వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చర్మం నుంచి చివరి గుల్ల దాకా ఒక వెంట్రుకను కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు. ఇంకొకటి కొలిచాను. నాలుగుకు కొంచెం పైనే. అంటే ఆ గుడ్డు పెట్టి నాలుగు నెలలు. ఆగస్టులోంచి నాలుగు తీసివేస్తే ఏప్రిల్. ఏప్రిల్లో మా అమ్మాయి రెండో తరగతి పరీక్షలు వ్రాస్తున్నది. ఆ పాప అప్పటికింకా పాలమూరులో వాళ్ళ ఊళ్ళోనే ఉన్నది.

గోక్కోవడం కనబడలేదే అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. పేలు మొదటిసారి పడినవాళ్ళకు దురద వెంటనే పుట్టదు. వాటి లాలాజలం ఒంటికి పడకుండా పోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల పిల్ల హాయిగా ఆడుకొంటుంది, పక్కపిల్లలకు పంచుతుంది, తల్లి హాయిగా సంతకాలు పెడుతుంది.

మా అమ్మాయి మా మాటలన్నీ వింటున్నది. "అయితే నాకే ముందున్నాయా? మరి నన్నెందుకు స్టూలు మీద కూర్చోబెట్టలేదు?" అంది. అత్తమ్మ నా ముఖం చూసింది. నేను స్కేలు తీసుకొనిపోయి బాక్సులో పెట్టాను.

వైద్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. అత్తమ్మ గ్యాసునూనె రాయమన్నది, లేదంటే సీతాఫలం గింజలు నూరి పట్టించమన్నది. కిరసనాయిలు తల చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గరికి పోతే ప్రాణమే తీస్తుంది. సీతాఫలం గింజల పొడి పేలను చంపే మాట నిజమే, కాని కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండవుతుంది. రెండూ వద్దన్నాను. మందుల షాపులో పెర్మెత్రిన్ మందు దొరికింది. అది పేలను చంపినంత బాగా గుడ్లను చంపదు, కనుక తొమ్మిది పది రోజులకు మళ్ళీ పెట్టాలి. అసలు పని మాత్రం దువ్వెనదే. తడిజుట్టుకు నూనె పట్టించి, పాయలు పాయలుగా విడదీసి, పేల దువ్వెనతో మొదలు నుంచి చివరిదాకా దువ్వడం, రెండు మూడు రోజులకొకసారి, రెండు వారాలు. నా తల కూడా దువ్వించుకొన్నాను. నాలుగు దొరికాయి. ఆ సంఖ్యను అచ్చులో చూసుకొంటానని ఎన్నడూ అనుకోలేదు.

దువ్వుతూ దువ్వుతూ అత్తమ్మ పాత రోజులు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నం పూట అరుగు మీద ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు వరుసగా కూర్చొని పేలు చూసుకొనేవారట. చేతిలో చెక్క ఈర్పెన, నోట్లో ఊరి ముచ్చట్లు, బొటనవేలి గోళ్ళ మధ్య టప్పుమని ఒక్కొక్క పేను. "గప్పుడు సిగ్గేముండె? పేన్లు జూసేటోళ్ళు లేకుంటేనే సిగ్గు. దిక్కులేనిదని అనుకునేటోళ్ళు" అన్నది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. తల చూసే మనిషి లేకపోవడం తప్పుగా ఉన్న ఊరి నుంచి, తలలో పేనుండడం తప్పుగా ఉన్న కాలనీకి మనం ఎప్పుడు వచ్చామో గుర్తు లేదు.

ఇది బీదవాళ్ళ జబ్బనీ, మురికివాళ్ళ జబ్బనీ గట్టిగా నమ్మేవాళ్ళకు ఒక ముచ్చట చెబుతాను. ఇజ్రాయెల్‌లోని లాకిష్ అనే పురాతన నగరపు త్రవ్వకాలలో 2016లో ఒక చిన్న దువ్వెన దొరికింది. దాని మీద పదిహేడు అక్షరాలున్నాయని తర్వాత కనిపెట్టి, 2022లో ప్రకటించారు. క్రీస్తుకు పూర్వం సుమారు 1700 నాటిదని వాళ్ళ అంచనా. అక్షరమాలతో వ్రాసిన పూర్తి వాక్యాలలో ఇంతవరకు దొరికిన అతి పాతవాటిలో అదొకటి. ఇంతకూ ఆ వాక్యం దేని గూర్చి? జుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలు వదలాలన్న కోరిక! దువ్వెన ఏనుగు దంతంతో చేసినది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏనుగులు లేవు, దంతం దూరదేశం నుంచి రావలసిందే. అది కొనుక్కోగలిగిన మహారాజెవరో మా కాలనీవాళ్ళకంటే ఉన్నవాడే అయివుంటాడు.

భయపడడానికి కూడా ఒక మూలం లేకపోలేదు. టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేసేది ఒంటిపేను అని 1909లో షార్ల్ నికోల్ కనిపెట్టాడు, అందుకు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని అది బట్టల మడతల్లో బతికే పేను. తలపేను వల్ల జబ్బులు వ్యాపించవు. తలను వదిలితే ఒకటి రెండు రోజులకంటె బతకదు. కడిగిన జుట్టనీ కడగని జుట్టనీ దానికి తేడా లేదు. ఈర్లున్నాయని పిల్లలను బడి మాన్పించవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది, 2022లో మళ్ళీ చెప్పింది. ఇవన్నీ నేను సంతకం పెట్టిన తర్వాత చదివాను.

సోమవారం క్లాసు టీచరు దగ్గరికి వెళ్ళి, తలుపు వేసి, మెల్లగా సంగతి చెప్పాను. ఆమె వయసులో చిన్నది. విని, "ఈ వారంలో మీరు నాలుగోవారు మేడమ్" అన్నది. "అందరూ యిలాగే తలుపు వేసి చెప్పారు. ఎవరికీ చెప్పవద్దన్నారు." ఆ కాగితం యిమ్మని అడిగాను. ఆఫీసులో ఫైలు చేశారట, యివ్వడం కుదరదన్నది.

తర్వాతి సమావేశంలో లేచి నిలబడ్డాను. మాట్లాడే మాటలు రాత్రంతా సరిచూసుకొన్నానుగాని, నిలబడేసరికి సగం మరచిపోయాను. మా అమ్మాయి తలలో ఏప్రిల్ నుంచీ పేలున్నాయి, నా తలలోనూ ఉన్నాయి, ఆ పిల్ల వల్ల వచ్చినవి కావు, నేను తెలియక సంతకం పెట్టాను అన్నాను. చివరి మాట అబద్ధం. తెలియక కాదు, తెలుసుకోకుండా. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మీద నుంచి విమానం ఒకటి పోయింది. అది పోయేదాకా అందరికీ ఊరుకోవడానికి ఒక సాకు దొరికింది. "ఎవరింటి సంగతి వాళ్ళు చూసుకుంటే మంచిది మేడం" అని తీర్పు చెప్పిన తండ్రిగారే మళ్ళీ అన్నారు. ఆ నలుగురిలో మిగతా ముగ్గురూ అక్కడే ఉండి ఉంటారు. ఎవరూ నోరు మెదపలేదు. వాళ్ళను అనడానికి నాకు ముఖం లేదు. కాని గేటు బయటికి రాగానే ఇద్దరు తల్లులు నా కొంగు పట్టుకొన్నంత పని చేసి, "ఆ దువ్వెన ఏ షాపుల దొరుకుతది?" అని అడిగారు.

బడివాళ్ళు ఒక మంచి పని చేశారు. పేర్లు లేకుండా, అందరి ఇళ్ళకూ ఒకే చీటీ పంపారు, ఆ శని ఆదివారాల్లో ప్రతి పిల్ల తలా చూడమని. అందరూ ఒకేసారి చూస్తేనే ఈ బాధ వదులుతుంది. లేకపోతే ఈ తల నుంచి ఆ తలకు, ఆ తల నుంచి ఈ తలకు తిరుగుతూనే ఉంటాయి. స్టూలు ఆఫీసు గదిలోకి పోయింది.

ఆ పిల్ల తల్లిని నేను బస్‌స్టాపులో పట్టుకొన్నాను. షిఫ్టుకు పోతున్నది. సంతకం సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆమె రోడ్డు వైపే చూస్తూ విన్నది.

"నాకెరుకనే మేడం" అన్నది. "బడి తెరిసిన వారమే జూసిన, మీ పాప జడల. నా బిడ్డ పక్కనే కూసుండె గద."

"మరి చెప్పలేదేమమ్మా?"

"చెప్తే ఎవరు నమ్ముతరు?"

కాసేపాగి, జుట్టెందుకు తీయించావని అడిగాను. మందు పెడితే పోయేవి కదా అన్నాను.

"రోజు కూసోని దువ్వే టైం నాకు యాడిది మేడం? పొద్దుగూకినంక వస్త. ఒక్కనాడు దీపిస్తె ఐపాయె అనుకున్న." బస్సు దూరంగా కనిపిస్తే కొంగు సర్దుకొన్నది. "రెండు దినాలు ఏడ్చింది."

సంచిలో ఆమె కోసం కొత్త పేల దువ్వెన తెచ్చాను. తీసి యివ్వాలా వద్దా అనుకొంటుండగానే బస్సు వచ్చింది. గుండు చేయించుకొన్న పిల్లకు దువ్వెన ఎందుకన్న సంగతి ఇంటికి వచ్చాక తట్టింది.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున ఆ పాప నెత్తి మీద రెండు రబ్బరు బ్యాండ్లతో వేలెడంత పిలకలు కనిపించాయి. మా అమ్మాయి పరుగెత్తిపోయి వాటిని పట్టుకొని చూసింది. గేటు దగ్గర వాళ్ళమ్మ ఉన్నది. "జుట్టు బాగా వచ్చిందమ్మా" అన్నాను.

"వచ్చింది మేడం" అని ఆమె బస్సు కోసం రోడ్డు దాటింది.